రెండు కిటికీల ఆపా

మొన్న ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం నిలబడి ఉంటే ఒక పెద్దాయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. తెల్లటి గడ్డం, నెత్తిన టోపీ. పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. ఒకప్పుడు ఊళ్ళో టైపు ఇన్‌స్టిట్యూటు నడిపిన మనిషి.

"ఆపా పోయిందన్నా," అన్నాడు. "రంజానుకు ముందర. నీకు చెప్దామంటే నువ్వు యాడుండావో తెలీకపాయె."

ఆపా అంటే ఆయన అక్క. ఇంట్లో అక్కను పిలిచే ఆ ఉర్దూ మాటతోనే నేనూ పిలిచేవాణ్ణి, టైపు నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలూ పిలిచేవాళ్ళు. వాళ్ళ తల్లులు కూడా ఆపా అనే అనేవాళ్ళు.

ఇంతలో బస్సు వచ్చింది. నేను మెట్టెక్కుతుంటే ఆయన కింద నుంచి అన్నాడు: "మా మనవళ్ళకు సెప్తే నమ్మరన్నా. మా ఆపా కంప్యూటరుకు ప్రోగ్రాం రాసిందంటే నగుతారు. నేను గాక కండ్లారా చూసినోడివి నువ్వొక్కడివే ఉండావు."

చూసినవాణ్ణి కాబట్టే రాస్తున్నాను.

ఎనభైల చివరి సంవత్సరాలవి. నేను ఎమ్మిగనూరులో ఆరోగ్య శాఖలో చిన్న ఉద్యోగిని. ఊరూరూ తిరిగి నారి కురుపు ఉన్నవాళ్ళ పేర్లు రాసుకోవడం, బావుల్లో మందు వేయడం నా పని. ఇప్పటి పిల్లలకు ఆ జబ్బు పేరు కూడా తెలియదు. దిగుడు బావిలో కాళ్ళు పెట్టి ముంచుకున్న నీళ్ళు తాగితే కంటికి కనపడని పురుగు కడుపులోకి పోతుంది. ఏడాది పాటు ఏమీ ఉండదు. ఏడాది తిరిగాక కాలు బొబ్బలెక్కి, పగిలి, తెల్లటి దారం లాంటి పురుగు బయటికి వస్తుంది. గట్టిగా లాగితే తెగుతుంది. తెగితే కాలంతా చీము. అందుకని చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. ఆ మనిషి ఆ కాలితోనే మళ్ళీ బావిలో దిగితే, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు వచ్చే ఏడు అదే బాధ.

ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్ళకు కాలవ నీళ్ళొచ్చాయి. చేతి పంపులు పడ్డాయి. దిగుడు బావులు పాడుపెట్టేశారు. అయినా ఏటా కొందరికి కురుపులు వస్తూనే ఉన్నాయి. ఎక్కడి నీళ్ళో నాకు అంతుపట్టేది కాదు. మూయాల్సిన బావుల జాబితాను వేసవిలోపల పైకి పంపాలి. అందులో లేని బావిని ఎవరూ మూయరు.

అట్లా ఐదు నోటు పుస్తకాలు చంకన పెట్టుకొని, టైపు చేయించుకుందామని ఆదోని పోయాను. టైపు మిషన్ల వరుస చివర, నెత్తి మీద కొంగు వేసుకొని, కళ్ళద్దాలకు దారం కట్టుకొని ఒకామె నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. నా పుస్తకాలు తీసుకొని నిలబడే చదివింది. రెండు పుస్తకాలయ్యేదాకా కూర్చోలేదు. నన్నూ కూర్చోమనలేదు.

"ఇది టైపు కొడితే ఏమొస్తుంది తమ్ముడూ?" అంది.

"రిపోర్టు వస్తుంది."

"రిపోర్టు వస్తుంది సరే. బావి దొరుకుతుందా?"

నాకు కోపం వచ్చింది. టైపు కొట్టమంటే కొట్టాలి గాని ప్రశ్నలెందుకు? ఆమె అదేమీ పట్టించుకోలేదు. "లోపలికి రా," అని వెనకగదిలోకి దారి తీసింది.

అక్కడ పాత దుప్పటి కింద కంప్యూటరు ఉంది. దాన్ని చూసి పిల్లలు ఎక్కువమంది చేరతారని ఆమె తమ్ముడు తెచ్చి పెట్టాడు. పిల్లలు దాన్ని చూసి భయపడ్డారు. ఆపా ఒక్కతే భయపడలేదు. దానితో వచ్చిన పుస్తకంలో చివరి పేజీలు లేవు. ఆ పుస్తకం ముందు పెట్టుకొని ప్రోగ్రాం రాయడం నేర్చుకుంది.

"లేని పేజీల్లో ఏముందో ఎట్లా తెలిసింది ఆపా?" అని తర్వాత ఒకసారి అడిగాను.

"ఉన్న పేజీలు సక్కగా చదివితే లేనివి ఏముండాల్నో తెలుస్తాయి. తెలీకపోతే మళ్ళా మొదట్నుంచి చదవాల."

మళ్ళా మొదట్నుంచి. రోజులో ఎన్నిసార్లు అనేదో ఆ మాట. విసుగుతో కాదు. రొట్టెల పిండి మళ్ళీ కలుపుకునే మనిషి అన్నంత మామూలుగా అనేది.

ఆమె రాసుకున్న ప్రోగ్రాం రాతపని కోసమే. అయితే అందులో రాసినదంతా శీర్షికల కింద ఉంటుంది. ఊరి పేరు మీద మీట నొక్కితే దాని కింద వీధులు తెరుచుకుంటాయి. వీధి మీద నొక్కితే మనుషులు. మళ్ళీ నొక్కితే అన్నీ మూసుకొని ఊరి పేరొక్కటే మిగులుతుంది. తెలుగు అక్షరాలు దానికి రావు కనుక తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది. నా ఐదు పుస్తకాలూ ఆమె నాలుగు మధ్యాహ్నాల్లో ఎక్కించింది. మధ్యాహ్నాలే ఎందుకంటే అప్పుడు టైపు క్లాసులుండవు. నమాజు అయ్యాక కూర్చుంటే సాయంత్రం పిల్లలు వచ్చేదాకా ఆ గది ఆమెది.

కరెంటు పోవడం రోజూ ఉండేది. పోగానే తెర మీదున్నదంతా మాయం. నేనైతే తల పట్టుకునేవాణ్ణి. ఆపా మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, కళ్ళు మూసుకొని, అప్పటిదాకా కొట్టిన వరుసలు పైకి చదివేది. "రాసుకో, మర్చిపోతాను," అనేది. నేను రాసుకునేవాణ్ణి. కరెంటు వచ్చాక ఆ కాగితం చూసి మళ్ళీ కొట్టేది. ఒక్కోసారి రెండోసారి కొట్టినప్పుడు తగ్గించి రాసేది. "కరెంటోళ్ళు నాకు మేలే చేసినారు. ఇందాక ఊరికే పొడుగ్గా రాసినాను," అనేది.

ఒక రోజు హనుమక్క పేరు దగ్గర ఆగాం. హనుమక్కది ఎమ్మిగనూరు పక్క ఊరు. కూలి చేసుకునే మనిషి. ఆ ఏడు రెండు కాళ్ళకూ పురుగులు.

"ఈయమ్మ పోయిన ఏడు యాడుండె?" అంది ఆపా.

"ఆస్పరి దిక్కు సుగ్గికి పోయింటినని చెప్పింది." సుగ్గికి పోవడమంటే కోతలకు, పత్తి ఏరడానికి ఊరు విడిచి పోవడం. మా దిక్కు కూలోళ్ళంతా పోతారు.

ఆపా నా వైపు తిరిగింది. "పురుగు బయటపడేది ఏడాదికని నువ్వే చెప్తివి. అంటే ఈమె నీళ్ళు తాగింది ఈ ఊర్లో కాదు. నువ్వు ఈడ బావులు వెతుకుతాండావు."

అది నాకెప్పుడూ తట్టలేదు. ఆరేళ్ళుగా ఆ పని చేస్తున్నవాణ్ణి.

అప్పటి నుంచి ఒక్కొక్కరినీ పోయిన ఏడు ఎక్కడున్నారో అడిగి రావడం నా పని. దాన్ని ఎక్కించడం ఆమె పని. కానీ ఒక ఇబ్బంది వచ్చింది. హనుమక్క పేరు చూసి ఆస్పరి శీర్షిక దగ్గరికి పోవాలంటే ఇది మూసి, కిందికి దిగి, అది తెరవాలి. అక్కడికి చేరేసరికి ఇక్కడేం చూశామో మర్చిపోయేవాళ్ళం. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి.

మూడో రోజు ఆపా కుర్చీ వెనక్కి జరిపింది. "ఒకే తెర మీద రెండు సోట్లు కనపడాల. రెండు కిటికీలు పెట్టాల."

"అయితాదా ఆపా?"

"కాదు అనొద్దు తమ్ముడూ. ఎందుకు కాదో సెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం."

గళ్ళ కాగితం మీద తెర గీసింది. అడ్డంగా ఎనభై గళ్ళు, నిలువుగా ఇరవై ఐదు. మొదట పక్కపక్కన రెండు కిటికీలు గీసింది. ఒక్కో దానికి నలభై అక్షరాలే వచ్చాయి. మా ఊళ్ళ పేర్లు, ఇంటి పేర్లు అందులో పట్టక విరిగిపోతున్నాయి. ఆ కాగితం పక్కన పెట్టి, ఒకటి పైన ఒకటి కింద గీసింది. వరుసలు తగ్గాయి గాని పేర్లు నిండుగా పట్టాయి. "మనిషి పేరు ఇరగ్గొట్టొద్దు," అంది. నడుమ గీత మీద ఎక్కడ ఏం తెరిచి ఉందో చూపించింది. పై కిటికీలో ఊరు మూస్తే కింది కిటికీలో కూడా మూసుకోవాలా అన్నదాని మీద ఇద్దరం రెండు రోజులు వాదించుకున్నాం. మూసుకోవాలని నేను. అక్కర్లేదని ఆమె. "ఇంట్లో నువ్వు ఒక తలుపు మూస్తే ఇంకో గదిలో నా తలుపెందుకు మూసుకోవాల?" అని చివరికి గెలిచింది.

ఆమె తమ్ముడు తలుపు దగ్గర నిలబడి చూసేవాడు. "ఆపా, ఎవరు వాడతారు దీన్ని?" అని అడిగాడొకసారి.

"ఈ తమ్ముడు వాడతాడు. ఒకడు సాలదా?" అంది, తల తిప్పకుండా.

పదిహేను రోజుల్లో రెండు కిటికీలూ వచ్చాయి. చూసి నేను చప్పట్లు కొట్టాను. ఆ సంతోషంలో దాన్ని సరిగ్గా పరీక్షించలేదు, అదే మమ్మల్ని ముంచింది.

ఆ వారం హనుమక్క దగ్గరికి పోతే ఆమె మాట మార్చింది. "ఆస్పరి దిక్కు పోయింది ఆ ముందేడు కదప్పా. పోయినేడు చిప్పగిరి, మద్దికెర నడమ పత్తి ఏరను పోతిమి. మతికి రాకపాయె," అంది. నేను ఆదోని పోయి చెప్పాను. ఆపా పై కిటికీలో మార్చింది. కాగితం అచ్చు తీసి ఇచ్చింది. మరుసటి రోజు ఆ కాగితం చేతిలో పట్టుకొని, మందు సీసా సైకిలుకు కట్టుకొని బయలుదేరాను. కాగితంలో ఆస్పరి అని ఉంది. చెప్పింది చిప్పగిరి అని నాకు గుర్తుంది. కానీ అచ్చులో ఉన్న మాట ముందు నా గుర్తు మీద నాకే నమ్మకం లేకపోయింది. యంత్రం తప్పు చేయదనుకున్నాను.

ఆస్పరి దిక్కు ఒక బావిలో మందు వేశాను. అక్కడివాళ్ళు నవ్వారు. "మా ఊర్లో ఎవురికీ పురుగు లేదు కదన్నా, యాల వచ్చినావు?" అన్నారు. అట్లా ఊరూరూ అడుగుతూ వారం పోగొట్టుకున్నాను. పత్తి ఏరేవాళ్ళు ఆ వారమంతా వేరే ఎక్కడో అవే నీళ్ళు తాగుతూనే ఉన్నారు.

ఎండన పడి ఆదోని వచ్చి, కాగితం ఆమె ముందు పడేశాను. "నేను చిప్పగిరి అని చెప్పలేదా ఆపా?"

ఆమె కాగితం చూసింది. తెర వెలిగించింది. రెండు కిటికీలూ తెరిచి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. రెండు కిటికీలకూ ప్రోగ్రాం రెండు నకళ్ళు ఉంచుతోంది. హనుమక్క పేరు రెంటిలోనూ తెరిచి ఉంది. పై దానిలో ఆమె మార్చింది. కింది దానిలో పాత మాటే ఉండిపోయింది. చివర కింది కిటికీ మూసినప్పుడు ఆ పాత మాట వచ్చి కొత్త మాట మీద కూర్చుంది.

"తప్పు నాది," అంది. "నీది కాదు, హనుమక్కది కాదు. నాది."

"ఒకసారి ఒకటే కిటికీలో మార్చాలని కట్టడి పెట్టుకుందాం ఆపా. సరిపోతుంది," అన్నాను. నాకు తొందరగా ఉంది.

"నువ్వు గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. మర్చిపోతే? నీ మతి మీద ఒకరి కాలు ఆనించి ఉండగూడదు." గళ్ళ కాగితాల కట్ట మొత్తం తీసి బల్ల కింద పెట్టింది. "మళ్ళా మొదట్నుంచి. ఇంటికి ఎన్ని కిటికీలన్నా పెట్టు, ఇల్లు మాత్రం ఒకటే ఉండాల. రాత ఒకేసోట ఉండాల. కిటికీలు దాన్ని చూసేదానికే."

మరుసటి రోజు పొద్దున్నే ఆమె ఎమ్మిగనూరు బస్సు దిగింది. నేను పిలవలేదు. బుర్ఖా మీద దుమ్ము దులుపుకుంటూ, "హనుమక్క ఇల్లు సూపించు," అంది.

హనుమక్క నులకమంచం మీద కాళ్ళు చాపుకొని ఉంది. ఒక కాలి మడమ దగ్గర పుల్లకు చుట్టిన పురుగు. ఆపా నేల మీద కూర్చుంది. పుల్లను దగ్గరగా చూసింది. ముఖం తిప్పుకోలేదు.

"అమ్మా, నువ్వు సెప్పింది ఒకటి, నేను రాసింది ఒకటి. నా తప్పుకు నీ ఊరోళ్ళు వారం రోజులు ఆ నీళ్ళే తాగినారు. మాపు సెయ్యి," అంది.

హనుమక్క అర్థం కానట్టు నా వైపు చూసింది. ఆమె దగ్గరికి వచ్చి అట్లా క్షమించమని అడిగినవాళ్ళు అంతవరకూ లేరు. "నువ్వేమన్నా కావాల్నని సేసినావా తల్లీ. సదువుకున్నోళ్ళు గూడా తప్పు రాస్తారా?" అంది.

"రాస్తారు. ఎక్కువ రాస్తారు."

హనుమక్క నవ్వింది. ఆ నవ్వుతో ఆమెకు మాట వచ్చింది. ఎవరెవరు ఆ పత్తి చేనుకు పోయారు, ఏ ఊరివాళ్ళు, ఏ గుడిసెల్లో పండుకున్నారు, అన్నీ చెప్పింది. "ఊరి బావి దూరమప్పా. చేని నడమ దిగుడు బాయుండె. అందరమూ ఆడనే తాగుతాంటిమి," అంది. నేను ఆరేళ్ళలో ఒక్కసారీ అడగని ప్రశ్నకు అది జవాబు. నేనెప్పుడూ ఊరి బావుల గురించే అడిగాను.

ఆపా తిరిగి పోయి ఇరవై రోజులు ఆ ప్రోగ్రాం మీదే కూర్చుంది. ఒక రాత, రెండు కిటికీలు. పైన ఒక అక్షరం మారిస్తే కింద అదే క్షణంలో మారేది. నన్ను కూర్చోబెట్టి, ఎట్లా చెడగొట్టగలనో అట్లా చెడగొట్టమంది. చెడగొట్టాను. పై కిటికీలో ఒక ఊరు మొత్తం కొట్టేశాను. కింది కిటికీలో ఆ ఊరి మనిషే తెరిచి ఉన్నాడు. యంత్రం బిగుసుకుపోయింది.

"దొరికింది!" అని ఆపా సంబరపడింది. తప్పు దొరికితే ఆమెకు ఉగ్గాని, బజ్జీ తిన్నంత తృప్తి. కొట్టేయడమే కుదరకుండా చేయమన్నాను. ఒప్పుకోలేదు. నిలబడ్డ చోటు పోతే కిటికీ మూసుకోకూడదు, బిగుసుకోకూడదు. దాని పై శీర్షిక దగ్గరికి పోయి నిలబడాలి. నడుమ గీత మీద ఏం జరిగిందో చెప్పాలి. "సూసేవానికి తెలియకుండా ఏదీ పోగూడదు," అంది. అది రావడానికి ఇంకో వారం పట్టింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నంలో పని అయిపోయింది. పై కిటికీలో ఒక్కొక్క మనిషి. కింది కిటికీలో ఒకే ఒక కొత్త శీర్షిక: పత్తి చేని బావి. పైన మనిషి మారుతున్నాడు, ఊరు మారుతోంది. కింది కిటికీలో ఆ బావి కింద పేర్లు పెరుగుతూ పోతున్నాయి. ఎమ్మిగనూరు దిక్కువాళ్ళు, ఆదోని దిక్కువాళ్ళు, చిప్పగిరి పల్లెలవాళ్ళు. నా ఐదు పుస్తకాల్లో చెదిరిపోయి ఉన్న మనుషులంతా ఒకే బావి కిందికి వచ్చి చేరారు.

ఆ కాగితాలు పట్టుకొని మా శాఖ ఆఫీసుకు పోయాం. అక్కడి అధికారి మంచివాడే. కానీ జాబితా ఊళ్ళ వారీగా ఉంది. "ఇది ఏ ఊరి బావి?" అన్నాడు.

"ఏ ఊరిదీ కాదు సార్. చేనిది," అన్నాను.

"చేని బావులకు కాలమ్ లేదు కదప్పా."

ఆపా అంది: "కాలమ్ లేకపోతే ఏం సార్, బావి ఉంది. మీరొకసారి చూడండి."

చూస్తామన్నాడు. ఆపా రోజూ పోయి బయటి బెంచీ మీద కూర్చుంది. పది గంటలకు వచ్చేది, నమాజు వేళకు లేచిపోయేది. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. కాగితాలు ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది, అంతే. ఎన్నో రోజో నాకు గుర్తు లేదు, ఆయనే బయటికి వచ్చి, "పదమ్మా, జీపెక్కు," అన్నాడు.

మేం పోయేసరికి పత్తి ఏరేవాళ్ళు బావి మెట్ల మీద ఉన్నారు. ఒక ముసలాయన కురుపు కాలును నీళ్ళలో ముంచి చల్లగా ఉందని కళ్ళు మూసుకున్నాడు. రెండు మెట్ల కింద ఒక పడుచుపిల్ల బిందె ముంచుతోంది. అధికారి అదంతా చూశాడు. జీపు దగ్గరికి వచ్చి, కాగితం బానెట్ మీద పెట్టి, జాబితా చివర తన చేత్తో ఆ బావిని రాశాడు. ఆ చేని రైతు కూడా అడ్డు చెప్పలేదు. ఆ ఎండాకాలంలోనే మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలక బిగించారు.

మరుసటి ఏడు కూడా కొందరికి కురుపులు వచ్చాయి. నేను దిగులుపడ్డాను. ఆపా పడలేదు. "మూయకముందు తాగినోళ్ళు వాళ్ళు. పురుగుకు ఏడాది కావాల. మనకూ ఏడాది కావాల," అంది.

ఆ పై ఏడు నేను ఇల్లిల్లూ తిరిగి ఆదోని పోయాను. ఎంత తొందరగా పోయానంటే బస్సు దిగినప్పుడు చెప్పు తెగినా చూసుకోలేదు.

"ఆపా, ఆ బావి నీళ్ళు తాగినోళ్ళలో ఎవరికీ లేదు! ఒక్కరికీ లేదు!"

ఆమె కళ్ళద్దాల మీదుగా చూసింది. "అన్ని ఇండ్లూ అడిగినావా?"

"అడిగినాను."

"సుగ్గికి పోయి ఇంకా రానోళ్ళను?"

వాళ్ళను అడగలేదు. తాళం వేసి ఉన్న ఇళ్ళు దాటి వచ్చాను. అట్లాంటివి చాలానే ఉన్నాయి.

"వాళ్ళొచ్చినాక మళ్ళా పో తమ్ముడూ," అంది.

వాళ్ళు ఉగాదికి బళ్ళారి దిక్కు నుంచి మూటలు ఎత్తుకొని వచ్చారు. నేను పోయాను. పిల్లల కాళ్ళు కూడా చూశాను. ఎవరికీ లేదు. మద్దికెర దిక్కు మాత్రం, ఆ చేనికి ఎన్నడూ పోని ఒకామెకు కొత్తగా వచ్చిందని విన్నాను. ఆదోని వచ్చి రెండూ చెప్పినప్పుడు ఆపా కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. కొంచెంసేపు తుడుస్తూనే ఉంది. తర్వాత పెట్టుకొని, పత్తి చేని బావి శీర్షికను మూసి, పై కిటికీలో ఇంకో పేరు తెరిచింది.

"మద్దికెర దిక్కు ఒకామెకు వచ్చిందంటివి కదా," అంది. "పోయినేడు యాడుండెనో కనుక్కున్నావా?"